పచ్చగా మారేదాకా

“లెక్క తప్పలేదు, మీ మాటా తప్పలేదు. మరి ఇదెందుకు చచ్చిపోతోంది మాస్టారూ?”

రత్నమాల ఈ ప్రశ్న మొదట ఫోన్లోనే అడిగింది. రాజలింగం సార్ ఫోన్లో జబ్బులకు జవాబు చెప్పరు. “నీళ్లను చూడకుంట నేనేం చెప్త బిడ్డా, ఆదివారం వస్త” అని పెట్టేశారు. ఆయనది జగిత్యాల దగ్గర పల్లె. కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరయ్యాక, హైదరాబాదు ఇళ్లల్లో ఉప్పునీటి తొట్టెలు పెట్టి పగడాలు పెంచాలనుకునే మాలాంటి పిచ్చివాళ్లకు గురువుగా మిగిలారు. మేమంతా ఆయన్ని సార్ అంటాం. అమలాపురం నుంచి వచ్చిన రత్నమాల ఒక్కతే మాస్టారూ అంటుంది.

సముద్రం ఎక్కడో వందల కిలోమీటర్ల అవతల ఉన్న ఊళ్లో పగడం బతకాలంటే సముద్రాన్ని మనమే బకెట్లో కలుపుకోవాలి. ఉప్పొక్కటే చాలదు. నీళ్లలో క్షారం ఎంతుందో రోజూ చూసుకుంటూ, పగడం తన ఒళ్లు కట్టుకోవడానికి వాడుకున్నంత సోడా ద్రావణం తిరిగి పోస్తూ ఉండాలి. క్షారం తగ్గినా ముప్పే, పెరిగినా ముప్పే.

రత్నమాల తొట్టెలో ఉన్న పగడం సార్‌దే. తొట్టెల్లోనే పుట్టి పెరిగిన రకం, సముద్రం మొహం చూసినది కాదు. చిటికెనవేలంత ముక్కను పన్నెండేళ్లు సాకి గుమ్మడికాయంత చేశారు. చేతులు వణకడం మొదలై, నీళ్ల క్యాన్లు ఎత్తలేక తన తొట్టె తీసేసినప్పుడు, మా అందరిలోకీ ఏరి రత్నమాలకిచ్చారు. నాకివ్వలేదని నేను నెల రోజులు మూతి ముడుచుకున్నాను. ఇప్పుడు దాని కొమ్మల కొసలు ఒక్కొక్కటే సున్నం కొట్టినట్టు తెల్లబడుతున్నాయి. అది పోతే ఆయన పన్నెండేళ్ల కష్టంలో ఇంకేమీ మిగలదు. ఆ సంగతి తెలుసు కనకే ఆ వారమంతా రత్నమాలకు అన్నం సయించలేదు.

ఆదివారం సార్‌ని నేనే స్కూటర్ మీద నిజాంపేటలోని ఆమె ఫ్లాటుకు తీసుకెళ్లాను. ఆమె నోటుబుక్కు తెచ్చి ముందు పెట్టింది. మొదట్లో పరీక్ష చేస్తే క్షారం ఆరు వచ్చేదట. సార్ ఉండాలన్న అంకె ఎనిమిది. సోడా పెంచి ఎనిమిదికి తెచ్చి, రెండు నెలలుగా అక్కడే నిలిపింది. పేజీ తిప్పితే ఎనిమిది, మళ్లీ తిప్పితే ఎనిమిది. అయినా కొసలు తెల్లబడుతుంటే లైట్లు మార్చింది, ఉప్పు ప్యాకెట్టు మార్చింది. నేను నా వంతుగా నేరం చేపల మీదికి నెట్టి చూశాను. సార్ ఎవరి మాటా చెవిన వేసుకోలేదు. అరగంట తొట్టె ముందు కూర్చుని, చివరికి “నా ముంగట చెయ్యి” అన్నారు.

ఆ పరీక్ష మందు కూడా ఆయనిచ్చిందే. రంగులు చూపే అట్ట ఎప్పుడో పోయింది. గాజు గొట్టంలో తొట్టె నీళ్లు తీసుకుని మందు చుక్కలు వేస్తూ పోవాలి. మొదటి చుక్కకు నీళ్లు నీలమవుతాయి. ఆ నీలం పోయి రంగు మారేసరికి ఎన్ని చుక్కలు పడితే క్షారం అంత. పగడం అప్పగించిన రోజు సార్ ఆమెకు చెప్పింది ఒక్క వాక్యమే: “నీలం పోయి పచ్చగ అయ్యేదాక చుక్కలెయ్యి.”

రత్నమాల గొట్టాన్ని కిటికీ వెలుతురుకెత్తి చుక్కలు లెక్కపెట్టింది. ఎనిమిదో చుక్కకు నీలం విరిగి లేత అరిటాకు రంగు వచ్చింది.

“అయింది మాస్టారూ. పచ్చగా మారింది. ఎనిమిది.”

సార్ గొట్టం వైపు చూశారు. “ఇంకోటెయ్యి.”

“అయిపోయిందండీ.”

“ఎయ్యి బిడ్డా.”

తొమ్మిది. పది. పదకొండో చుక్కకు గొట్టంలో నీళ్లు పసుపు కలిపినట్టు అయిపోయాయి.

“గిప్పుడు పచ్చగయింది” అన్నారు సార్.

సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ క్షణంలో నాకు పగడం మీద జాలి కన్నా ఆశ్చర్యమే ఎక్కువ కలిగింది. పచ్చగడ్డిది ఒక రంగు, పచ్చకామెర్లది ఒక రంగు. రైలు గార్డు ఊపే పచ్చజెండా ఆకు రంగు, పెళ్లికూతురి పచ్చని పాదాలు పసుపు రంగు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ రెండింటినీ ఒకే మాటతో పిలుస్తున్నాను, ఏ రోజూ తికమక పడలేదు. నీలం నుంచి పసుపుకు వెళ్లే దారిలో ఆకుపచ్చ తగులుతుందనీ, ఒక మనిషి అక్కడే ఆగిపోవచ్చనీ ఎవరికి తడుతుంది? మూడంటే మూడు చుక్కల తేడా. ఎనిమిదనుకున్న నీళ్లు నిజానికి పదకొండు మీద నిలబడి, రెండు నెలలుగా ఆ కొసల్ని మాడుస్తున్నాయి.

“పచ్చ అంటే ఆకుపచ్చ కాదా మాస్టారూ?” రత్నమాల గొట్టాన్ని మళ్లీ వెలుతురుకెత్తింది.

“మా దిక్కు పచ్చ అంటే పసుపే.”

తర్వాత ఆయన చెయ్యవలసింది చెప్పారు. సోడా ఆపెయ్యాలి. నీళ్లు ఒక్కసారిగా మార్చకూడదు. పగడమే రోజుకింత వాడుకుని క్షారాన్ని దించుకుంటుంది. పోయిన కొసలు పోయాయి, మొదలు బతికే ఉంది. ఆయనన్నట్టే జరిగింది. రెండు నెలలకు తెల్లబడిన చోట మళ్లీ ఊదారంగు పాకింది. కానీ ఆ రోజు మాకా ధైర్యం లేదు. రత్నమాల గుమ్మం దాకా వచ్చి, ఏడుపు ఆపుకుంటూ అడిగింది.

“మీరు చెప్పింది తప్పు కాదు, నేను చేసిందీ తప్పు కాదు. మరి తప్పెక్కడ జరిగినట్టు మాస్టారూ?”

సార్ చెప్పులేసుకుంటూ, తలెత్తకుండానే అన్నారు.

“ముప్పై రెండేండ్లు పాఠం చెప్పిన బిడ్డా. పిల్లలందరు ‘అర్థమైంది సార్’ అనే అన్నరు.”