గజ్జెలు కట్టుకున్న గవరయ్య

పెద్దమెట్ట అడవిలో సెల్‌ఫోను లేని జంతువే లేదు. నవ్వకండి. ఘాట్ రోడ్డు మలుపులో ఫోన్ల లారీ బోల్తా పడ్డ రోజు నేనక్కడే ఉన్నా. ఫోన్లన్నీ విత్తనాలు చల్లినట్టు లోయంతా పడ్డాయి. ఏనుక్కి అగ్గిపెట్టంత ఫోను దొరికింది. ఉడుతకి పలకంతది దొరికింది, పాపం దాని మీదెక్కి పరిగెడుతూ నొక్కేది. ఛార్జింగెలాగ అంటారా? కింద వేరుశెనగ చేలో సోలారు మోటారుంది. పొద్దున్నే అక్కడ పులి వెనకాల జింక, జింక వెనకాల తోడేలు బుద్ధిగా వరసలో నిలబడేవి. వరసలో ఎవరూ ఎవర్నీ కరవకూడదని రూలు.

వాటికో గ్రూపుంది, 'మెట్ట మిత్రులు' అని. రెండొందల పన్నెండు మంది. మొహాలు చూసుకున్నది తక్కువ, కబుర్లాడుకున్నది ఎక్కువ. తామల్లిన పాట పెట్టేవారు, నచ్చిన పుస్తకం గురించి చెప్పుకునేవారు, తెల్లారగానే 'జై కొండమ్మ తల్లీ' అని దండాలు పెట్టుకునేవారు.

అందులో బొట్లమ్మని ఒక కౌజుపిట్ట. ఒక్క చోట కాలు నిలవని పిట్ట ఏడు గుడ్లు పెట్టి వాటి మీద కూర్చోవాల్సొచ్చింది. లేస్తే గుడ్లు చల్లారిపోతాయి, కూర్చుంటే పిచ్చెక్కిపోతుంది. అందుకని కూర్చున్న చోటే పాటలల్లడం మొదలెట్టింది. పాట పెట్టడం, ఎవరన్నా విన్నారా అని చూడడం. గుడ్డు తిప్పడం, మళ్లీ ఫోను చూడడం. ఒక రోజు ఆ కంగారులో గుడ్లు పక్కకి నెట్టేసి పూటంతా ఫోన్నే పొదిగింది. ఇంకో గంట పొదిగుంటే పిల్ల ఫోను పుట్టేదే!

పక్కనే మేసే సాంబయ్య అనే మేక చూసి కేకేసింది. "ఏమే కోడలా, గుడ్లు అటుంటే నువ్విటు కూర్చున్నావేంటి?"

"అయ్యో మామా!" అని గబగబా గుడ్ల మీదకి దూకింది. "నిన్న కొండమ్మ తల్లి మీద పాట పెట్టాను మామా. ఇరవై మంది విన్నారు, ఒక్కరూ నోరు విప్పలేదు. బాలేదంటావా?"

"నాకు పాటల సంగతి తెలీదమ్మా. తినేదైతే చెబుతాను."

అప్పుడే ఫోను మోగింది. దుప్పి శాంతయ్య అని ఒక కొత్త స్నేహితుడు. ఫొటోలో మెళ్లో పూలదండేసుకున్న చుక్కల దుప్పి.

'అక్కా, నీ పాట విని కన్నీళ్లాగలేదు. నేనూ కొండమ్మ దీక్షలోనే ఉన్నాను. పచ్చి గడ్డి తప్ప ఏదీ ముట్టను.'

బొట్లమ్మ రెక్కలు రెండూ టపటపలాడాయి. "చూశావా మామా! ఒక్కడన్నా ఉన్నాడు అర్థమయ్యేవాడు!"

వాడు దుప్పీ కాదు, శాంతయ్యా కాదు. బండ కింద పడుకుని బొటబొటా కారే చొంగని తోకతో తుడుచుకుంటూ నొక్కుతున్న గుంటనక్క గవరయ్య. ఏదో దుప్పి ఫొటో పెట్టుకున్నాడు, అంతే.

మూడు రోజులు గడిచాయి. బొట్లమ్మకి తిండి లేదు, నిద్ర లేదు, శాంతయ్యతోనే మాటలు. ఆమె పాట పెడితే వాడు ఏడ్చేవాడు. ఆమె దండం పెడితే వాడు పది పెట్టేవాడు. నాలుగో రోజు అడిగాడు.

'అక్కా, గూట్లో కూర్చుని పాడే పాట ఎదురుగా వినాలనుంది. ఎక్కడుంటావేంటి?'

ఆ పిచ్చిది చెప్పేసింది. 'సెల్ టవరు కింద తుమ్మకంప ఉంది కదా తమ్ముడూ, దాని వెనకాల బోదగడ్డిలో. ఎల్లుండి రా.'

చెప్పాక సాంబయ్యకి గొప్పగా చూపించింది. మేక నమలడం ఆపేసింది. మేక నమలడం ఆపిందంటే మామూలు విషయం కాదు, నేను చూడగా అదొక్కసారే.

"గూడు చెప్పేశావా? మొహం చూడనోడికా?"

"మొహం చూడకపోతేనేం మామా, మనసు చూశాను. పాటలు తెలుసు, భక్తుంది. నాకు నచ్చిన పుస్తకమే వాడికీ నచ్చిందట."

"ఏ పుస్తకం?"

"'రాజుగారి మూడో చెప్పు'. నీ దగ్గర్నుంచే తెచ్చుకుని చదివాడట."

అడవి మొత్తానికి ఆ పుస్తకం ఒక్కటే. బడిపిల్లల బస్సు కిటికీలోంచి పడితే సాంబయ్యకి దొరికింది. రెండు కాళ్లున్న రాజుగారికి మూడో చెప్పెందుకా అని కథ. సగం దాకా చదివి, ఆకలేసి మిగతా సగం తినేసింది సాంబయ్య. ఆ మూడో చెప్పు ఎవరిదో అడవిలో ఎవరికీ తెలీదు. ఎవరికి తోచిన ముగింపు వాళ్లు చెప్పుకునేవారు, అందుకే అందరికీ అంత ఇష్టం.

"నా దగ్గర ఎవడూ తీసుకెళ్లలేదే! వాణ్ణి ఒక మాటడుగు. అందులో ఏ చోటు బాగుందో చెప్పమను."

బొట్లమ్మ అడిగింది. జవాబు టక్కున వచ్చింది.

'ఆఖరి పేజీ అక్కా! రాజుగారు ఆ చెప్పుని గుండెలకి హత్తుకున్నప్పుడు తట్టుకోలేకపోయాను.'

సాంబయ్య పొట్ట మీద కొట్టుకుంది. "ఆఖరి పేజీ ఇందులో ఉందే! వాడు లోపలికొచ్చి చదివాడా?"

బొట్లమ్మ గబుక్కున గుడ్లు కాళ్లతో లోపలికి లాక్కుంది. లేచింది, కూర్చుంది, మళ్లీ లేచింది. "ఏం చెయ్యను మామా? గుడ్లని మోసుకుపోలేను. పిల్లలు బయటికి రావడానికి ఇంకా పది రోజులుంది. పోనీ వాణ్ణి రావద్దంటాను..."

"అంటే? దారి తెలిసిపోయిందిగా, చెప్పకుండా వస్తాడు."

బొట్లమ్మ గూట్లోనే నాలుగు చుట్లు తిరిగింది. అయిదో చుట్టుకి ఆగింది.

"మామా, వాడు దీక్షలో ఉన్నానన్నాడు కదా?"

"అన్నాడు."

"మెళ్లో గజ్జెలున్నాయా అని అడిగామా?"

సాంబయ్య గడ్డం ఊగింది. పెద్దమెట్టలో కొండమ్మ దీక్ష పట్టాలంటే మెళ్లో గజ్జెలపట్టెడ ఉండాల్సిందే. స్వామి నడుస్తుంటే చీమా దోమా ఆ చప్పుడు విని తప్పుకోవాలని ఆచారం. కట్టేది దీక్షగురువు, ముళ్లపంది ఎంకన్న. నలభై రోజులయ్యాక విప్పేదీ ఆయనే. ఇంకోటుంది, గజ్జెల చప్పుడు వినపడితే భక్తులందరూ వచ్చి స్వామి వెంట నడవాలి.

బొట్లమ్మ ముందు ఎంకన్నకి ఫోను చేసి అంతా చెప్పింది. తరవాత తన గొంతు రికార్డు చేసి గ్రూపులో పెట్టింది.

"అందరికీ నమస్కారం. మన శాంతయ్య స్వామి ఎల్లుండి పొద్దున మా గూటికొస్తున్నారు. ఆయన గజ్జెలు తెగిపోయాయేమో, ఫొటోలో కనపడలేదు. దారిలో ఎంకన్నగారి దగ్గర కట్టించుకుని వస్తారు. ఏం స్వామీ?"

రెండొందల మంది దండాలు పెట్టారు. 'మా స్వామే', 'ధన్యులం', 'జై కొండమ్మ' అని ఫోను వేడెక్కిపోయింది. బండ కింద గవరయ్య గోళ్లు కొరుక్కున్నాడు. కాదంటే దొంగని తెలిసిపోతుంది. అవునంటే మెళ్లో గజ్జెలు. చాలాసేపు అటూ ఇటూ తిరిగి ఒక లెక్కకొచ్చాడు. 'చప్పుడైతే ఏం? పిట్ట ఎగిరిపోతుందేమో గానీ గుడ్లకి కాళ్లు లేవుగా!'

'అలాగే అక్కా,' అని పెట్టాడు.

చెప్పిన రోజు పొద్దున గవరయ్య ఎంకన్న ముందు నిలబడ్డాడు.

ఎంకన్న ఎగాదిగా చూశాడు. "ఫొటోలో దుప్పి కదయ్యా?"

"దీక్షలో రూపం చూడకూడదు స్వామీ," అన్నాడు గవరయ్య తల వంచుకుని.

"నిజమే స్వామీ, నిజమే," అని ఎంకన్న అడవినారతో ఇరవై ఒక్క గజ్జెలు బిగించి, ముడి మెడ వెనకాల వేసి, ముడిలోంచి తన ముల్లొకటి దూర్చాడు. "పీక్కుంటే గుచ్చుకుంటుంది. నలభై రోజులు భద్రం."

గవరయ్య అడుగేశాడు. ఘల్లు. ఇంకో అడుగేశాడు. ఘల్లు ఘల్లు. మూడో అడుగుకి పొదలోంచి అడవిపంది బయటికొచ్చి దండం పెట్టింది. "స్వామీ! పదండి, మీ వెంటే మేమూ." పది అడుగులకి కొండముచ్చులు దిగాయి. టవరు దగ్గరికొచ్చేసరికి ముందు మూడు దున్నలు, వెనకాల నలభై మంది భక్తులు, మధ్యలో మన గవరయ్య. తోక వెయ్యడానికి చోటు లేదు.

గడ్డి పక్కకి తప్పించి చూశాడు. ఏడు గుడ్లు, వాటి మీద బొట్లమ్మ. ఎక్కడికీ ఎగిరిపోలేదు.

"వచ్చావా తమ్ముడూ! కూర్చో, పాట వింటావుగా?"

"అక్కా... నాకు ఏకాంతంగా వినాలని మొక్కు. వీళ్లని కాస్త..."

దున్న కొమ్ములాడించింది. "స్వామిని ఒంటరిగా వదిలేస్తామా? పాపం చుట్టుకుంటుంది."

బొట్లమ్మ పాట ఎత్తుకుంది. నలభై చరణాలు! ఒక్కో చరణం అవగానే భక్తులు 'మళ్లీ' అనేవారు. గవరయ్య ముక్కుకి జానెడు దూరంలో ఏడు గుడ్లు. నోరూరి కళ్లెమ్మట నీళ్లు కారాయి.

"చూశారా, ఎంత భక్తో!" అంది సాంబయ్య.

మధ్యాహ్నం ప్రసాదం పెట్టారు. నానబెట్టిన శెనగలు, రెండు అరటిపళ్లు. మింగాడు, ఏం చేస్తాడు? బొట్లమ్మ అంది, "గుడ్లకి దండం పెట్టి దీవించు తమ్ముడూ." ముందరి కాళ్లు రెండూ వంచి దీవించాడు. 

సాయంత్రానికి ఆకలేసి కుందేలు వెంటపడ్డాడు. ఘల్లు! కుందేలు మామిడి తోపు దాటిపోయింది. ఎలక వెంటపడ్డాడు. ఘల్లు! ఎలక కన్నంలోకి దూరి, "జై కొండమ్మ, స్వామీ!" అని అరిచింది. ఆ అరుపుకి మళ్లీ భక్తులొచ్చి మళ్లీ శెనగలు పెట్టారు. ఎనిమిదో రోజు గుడ్లు పగిలి ఏడు పిల్లలూ పుట్టిన గంటకే పరుగులెత్తాయి. నలభయ్యో రోజుకి ఎగరడం నేర్చేశాయి. గవరయ్య మాత్రం ఎంత చిక్కాడంటే, గాలొస్తే ఒక్క గజ్జెల బరువుకే నిలబడేవాడు.

ఎంకన్న ముడి విప్పాడు. "ఇంకో నలభై పడతావా స్వామీ?"

గవరయ్య వెనక్కి చూడకుండా పరిగెత్తాడు. మెట్ట దిగేదాకా ఆగలేదు. ఆ పూటే అందరి ఫోన్లలోనూ ఒక ముక్క కనపడింది: 'దుప్పి శాంతయ్య గ్రూపు వదిలి వెళ్లారు.'

పాట పంచుకోండి, పుస్తకం పంచుకోండి, దండం పంచుకోండి, గూటి దారి మాత్రం ఎదుటోడి మొహం చూశాకే చెప్పండి.