చిలకల బిందె

కుంభగిరి రాజుగారి పంజరంలో ఇంకో చిలక చచ్చిపోయింది.

"ఈ పైడితల్లే విషం పెట్టింది మహారాజా! నేను నింపిన బిందెలో నీళ్లు తాగితే చిలకలెందుకు చస్తాయి?" అని జలాధికారి భూషణరాజు గర్జించాడు. కోటలో నీళ్లన్నీ ఆయన చేతిలోనే ఉంటాయి. చిలకల రాగిబిందె మూతకి ఆయన తాళమే ఉంటుంది.

రాజు ఇంకేమీ వినలేదు. చిలకలకి మేత వేసే పైడితల్లికి మరణశిక్ష వేశాడు.

తలారి కత్తి నూరుతున్న చప్పుడుకి ఆమె నాలుక పిడచకట్టుకుపోయింది. ఆ రాజ్యంలో ఒక ఆచారం ఉంది. చావబోయేవాళ్లు అడిగిన నీళ్లు ఇవ్వాలి. ఇచ్చేవాళ్లు ముందు ఒక గుక్క తాగి చూపించాలి.

"దాహంగా ఉంది మహారాజా. ఆ చిలకల బిందెలో నీళ్లే ఇప్పించండి, భూషణరాజుగారి చేత్తోనే."

భూషణరాజు బిందె తాళం తీసి, చెంబు ముంచి పెదవుల దాకా తెచ్చి ఆగిపోయాడు. చెంబు కిందకి దించేశాడు. "వేరే బిందె తెప్పిస్తాను..."

"చావబోయేదాన్ని, నాకు ఏ నీళ్లయితే ఏం బాబూ? మీరు నింపి, మీరు తాళం వేసిన నీళ్లకి మీకెందుకు భయం?"

రాజు లేచి వచ్చి బిందెలోకి వంగి చూశాడు. నెలల తరబడి చింతపండు తగలని రాగికి విషపు చిలుము పట్టి, నీళ్లు కూడా పచ్చబారాయి.

తలారి కత్తి దించాడు. పైడితల్లి ఊపిరి పీల్చుకుంది. రాజుకి మాత్రం ఊపిరాడలేదు.

"భూషణరాజూ," అన్నాడు గొంతు తడుముకుంటూ, "నా మంచినీళ్ల బిందె ఎప్పుడు తోమించావు?"