నవ్వులు కొన్న మాంత్రికుడు

ఎప్పటి మాటో, ఎక్కడి మాటో, మణిధరుడని ఒక రాజు ఉండేవాడు. ఆయనకు ఇద్దరు కూతుళ్ళు. పెద్దమ్మాయి కుందనిక, చిన్నమ్మాయి తారావళి. కుందనిక నవ్వు వినడానికే వంటవాళ్ళు ఏదో పని కల్పించుకుని ఆమె గది ముందు నుంచి నడిచేవాళ్ళు.

ఒకరోజు రేవులోకి ఓడ వచ్చింది. ఏడు సముద్రాల అవతల ఉండే తళుకుల మాంత్రికుడు పంపిన ఓడ. ఓడ నిండా చీరలు. డబ్బు అక్కర్లేదు, చీరకు ఒక నవ్వు ఇస్తే చాలు. ఇంత చవకా అని జనం ఎగబడ్డారు. పైగా చీరతో పాటు ఒక అద్దం ఉచితం. ఉచితం అన్నప్పుడే అనుమానపడాలి. ఎవరూ పడలేదు.

మర్నాడు పొద్దున కుందనిక తెచ్చుకున్న అద్దంలోంచి ఒక చిలక గొంతు ముద్దుగా అడిగింది: "మళ్ళీ అదేనా?"

అంతే. నిన్న నెమలి కంఠంలా మెరిసిన చీర ఇవాళ మసిగుడ్డలా కనిపించింది. కుందనిక ఇంకో నవ్వు ఇచ్చి ఇంకో చీర తెచ్చుకుంది. మళ్ళీ పొద్దున, మళ్ళీ చిలక, మళ్ళీ చీర. సంతోషం కోసం చీర కొనేది, ఆ చీరకు సంతోషాన్నే ఇచ్చేసేది. చివరికి గది నిండా చీరలు మిగిలాయి, ఇవ్వడానికి ఒక్క నవ్వు లేదు. ఓడవాళ్ళు ఆమె ముఖం చూడటం మానేశారు. ఆమె అన్నం తినడం మానేసింది.

మాంత్రికుణ్ణి చంపి వస్తామని ముగ్గురు రాకుమారులు ఒకరి వెనక ఒకరు బయలుదేరారు. ఒక్కడూ తిరిగి రాలేదు.

"నేను వెళ్తాను నాన్నగారూ" అంది తారావళి.

"ఆడపిల్లవి. అక్కడంతా చీరలూ నగలూ. ఏం తట్టుకుంటావమ్మా?"

"వెళ్ళిన మగవాళ్ళు ఏం తట్టుకున్నారో చూసొస్తాను."

రేవులో ఒక ముసలి తాబేలు వీపు చూపించి "ఎక్కు తల్లీ" అంది.

"ఊరికేనా తాతా? ఊరికే అనే మాట మా ఊరికి అచ్చిరాలేదు."

"ఊరికే కాదులే. వీపు నిండా నాచు పట్టింది, దారిలో గోకి పెట్టు."

ఆమె గోకుతూ కూర్చుంది. అది ఈదుతూ పోయింది. ఒక సముద్రం దాటారు, రెండో సముద్రం దాటారు, మూడోదీ దాటారు.

"వాడు నీకేం అమ్మలేదా తాతా?"

"కొత్త చిప్ప అమ్మబోయాడమ్మా. పాతది విప్పమన్నాడు. విప్పితే చస్తాను నాయనా అన్నాను. చస్తే చచ్చావు, ఒకసారి వేసుకు చూడమన్నాడు." తాబేలు తల లోపలికి లాక్కుని మళ్ళీ బయట పెట్టింది. "వాడి ప్రాణం చిలక పలుకులో ఉంది. నువ్వు వెతకక్కర్లేదు, అదే పలకరిస్తుంది."

ఏడు సముద్రాలూ దాటాక ఒక దీవి వచ్చింది. దీవిలో కోట లేదు, ఒక పెద్ద దుకాణం ఉంది. దాని ముందు వరసగా బొమ్మలు. దగ్గరికెళ్ళి చూస్తే అవి బొమ్మలు కావు, మనుషులు. ఒక రాకుమారుడు తలపాగా సర్దుకుంటూ, ఒకడు హారం తగిలించుకుంటూ, ఒకడు ఒక కాలికి కొత్త చెప్పుతో కొయ్యబారిపోయారు. కత్తి దూసి వచ్చి, ఒక్కసారి వేసుకు చూద్దామని ఆగినవాళ్ళు. బట్టల పిచ్చి ఆడవాళ్ళకే అని ఆ రాజ్యంలో పండితులు రాసి పెట్టారు. ఆ వరసలో ఒక్క ఆడది లేదు.

లోపల మాంత్రికుడు అంగరఖా మీద అంగరఖా తొడుక్కుని కూర్చున్నాడు. భుజం మీద చిలక.

"రా అమ్మలూ, ఏం చూపించమంటావు?"

"మా అక్క నవ్వులు చూపించు."

"అవెప్పుడో దారాలైపోయాయి. కొత్త చీరకు ఆ మెరుపు ఎక్కడిదనుకున్నావు?"

చిలక ఆమె చీరను చూసింది. "మళ్ళీ అదేనా?" తారావళి లెక్కచేయలేదు. చిలక జడను చూసింది. "మళ్ళీ అదే జడా?" తారావళి జడ ముందుకు వేసుకుంది. చిలక ఎగిరి ఆమె ముఖానికెదురుగా వాలింది.

"మళ్ళీ అదే నల్ల ముఖమా?"

ఈ మాట తగిలింది. పుట్టినప్పటి నుంచీ మేనత్తలు అంటున్న మాటే అది. మాంత్రికుడు తెల్లటి పూత ఉన్న భరిణె ముందుకు జరిపాడు. "ఒక్కసారి రాసుకు చూడు తల్లీ." ఆమె చెయ్యి దానంతటదే ముందుకు పోయింది. పాదాలు చెక్కలా బిగుసుకుంటున్నాయి. చీరకూ అదే మాట, జడకూ అదే మాట, ముఖానికీ అదే మాట. ఆమె చెయ్యి ఆగింది.

"చిలకమ్మా, నీకు వచ్చింది ఇదొక్కటేనా? మళ్ళీ అదే మాటా?"

చిలక కళ్ళు టపటపలాడించింది. దాన్ని ఇంతవరకూ ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు.

"పలుకవే" అన్నాడు మాంత్రికుడు.

"అది నిన్నటి మాట కదా" అంటూ చిలక ముక్కు రెక్క కింద దాచుకుంది.

"పలుకు, నా తల్లివి కదూ!"

"సిగ్గేస్తోంది."

పై అంగరఖా జారింది. దాని కిందది జారింది. ఒక్కొక్కటిగా అన్నీ కుప్పకూలాయి. ఆఖరిదాని లోపల ఎవరూ లేరు.

రాకుమారుడెవడైనా అయితే చిలక మెడ నులిమేవాడు. తారావళి కిటికీ తెరిచి వదిలేసింది. నేర్పిన మాట పలకడం దాని తప్పు కాదు.

బొమ్మలన్నీ కదిలాయి. ఇద్దరు రాకుమారులు "ఎక్కడా దుర్మార్గుడు?" అని ఖాళీ అంగరఖాల మీదికి కత్తులు దూశారు. మూడోవాడు విభాకరుడు చెప్పు విదిలించేసి, "ఎన్నాళ్ళు నిలబడ్డామో, అందరికీ దాహంగా ఉంటుంది. నుయ్యి ఎటువైపు?" అన్నాడు. తారావళి అది గమనించి పెట్టుకుంది.

ఇంటికొచ్చేసరికి అద్దాలు మూగబోయాయి, చీరలు వెలిసిపోయాయి. కుందనిక మాత్రం నవ్వలేదు. ఇచ్చేసిన నవ్వులు తిరిగి రావు. తారావళి రోజూ పక్కన కూర్చుని ముద్దలు కలిపి పెట్టింది. అక్క తిన్నది, అంతే.

రాజు చిన్న కూతురికి పట్టం కట్టాడు. విభాకరుడు పెళ్ళి మాట ఎత్తితే ఆమె ఏడాది పాటు అతన్ని పరికించి చూసి, అప్పుడు సరేనంది.

పెళ్ళిలో తలంబ్రాల వేళ విభాకరుడు దోసిలి నిండా బియ్యం తీసుకుని ఆమె తలపైకి ఎత్తి, అలాగే ఆగిపోయాడు. బొమ్మగా నిలబడ్డ అలవాటు. పురోహితుడు దగ్గాడు. బాజాలవాళ్ళు ఇంకోసారి వాయించారు. పెళ్ళికూతురికి మెడ నొప్పి పుట్టింది.

"ఒసే తారా, నీ మొగుణ్ణి మళ్ళీ ఆ దుకాణం ముందే పెట్టెయ్యవే" అంది కుందనిక. అంటూనే నవ్వింది. వాడకం లేక గొంతు పట్టేసిన నవ్వు, బొంగురుగా, ఆగి ఆగి వచ్చింది. తారావళి దించిన తల ఎత్తి, పెళ్ళి సంగతే మరిచిపోయి అక్కనే చూస్తూ ఉండిపోయింది.

కథ అక్కడితో ఆగింది. తారావళి ఏలుబడి మాత్రం చాలా ఏళ్ళు సాగింది.