నీడ లేని ముఖం

ఒకప్పుడు మేడిగిరి అని ఒక రాజ్యం ఉండేది. పొద్దున్నే గుర్రమెక్కితే మధ్యాహ్న భోజనం వేళకు పొలిమేర దాటిపోయేంత రాజ్యం. దాన్ని ఏలే రణభీమ భూపతి మాత్రం తన వంశం గురించి చెప్పడం మొదలుపెడితే పూట సరిపోయేది కాదు.

ఆయన ముత్తాత ఎర్రభూపతి కోట కట్టి నూరేళ్లు నిండుతున్నాయి. ఆ సందర్భానికి ముత్తాత బొమ్మ చేయించాలని రాజుకు బుద్ధి పుట్టింది. తల నుంచి రొమ్ము దాకా, బెత్తెడు ఎత్తున, వడ్రంగి టేకు చెక్కలో చెక్కి ఇచ్చాడు. దానికి రంగులు వేసే పని ఆస్థాన చిత్రకారుడు పైడోజుకు వచ్చింది. అతను ఎర్రభూపతి పాత చిత్తరువు ఒకటి ఎదురుగా పెట్టుకుని పనిలోకి దిగాడు.

అంత చిన్న బొమ్మకు రంగు వేయడంలో ఒక కిటుకుంది. మనిషి ముక్కు కింద నీడ దానంతటదే పడుతుంది. పెసరగింజంత ముక్కు నీడ ఎవరి కంటికీ ఆనదు. అందుకని చిత్రకారుడే కనుబొమల కింద, ముక్కు పక్కన, పెదవి కింద ముదురు రంగు పెడతాడు. చెక్కిళ్ల మీద లేత రంగు పెడతాడు. అవిసె నూనెలో నూరిన రంగు మూడు రోజులకు గాని ఆరదు. ఈలోగా పొడి కుంచెతో మెల్లగా అద్దుతూ పోతే ఆ రెండూ ఒకదాన్లో ఒకటి కలిసిపోయి ముఖానికి ప్రాణం వస్తుంది.

మన రాజుగారికి మూడు రోజులు ఆగే ఓపిక ఎక్కడిది? పైడోజు ముదురు రంగు పెట్టి కుంచె తుడుచుకుంటున్నాడో లేదో, పరివారాన్ని వెంటబెట్టుకుని చిత్రశాలలోకి వచ్చేశాడు. ముత్తాత ముఖం మీద నల్లటి చారలు చూసి మండిపడ్డాడు.

"మా వంశకర్త ముఖానికి మసి పూస్తావురా? మా వంశంలో ఏ ముఖం మీదా నలుపన్నది లేదు. నలుసంత కనబడినా నీ మాన్యం పోయినట్టే. పెళ్లాం బిడ్డలతో పొలిమేర దాటాల్సిందే" అన్నాడు.

వెంట వచ్చినవాళ్లంతా తలలూపారు. ఏడుగురు తినే పైడోజు ఇంటికి ఆ మాన్యమే ఆధారం. పోనీ నలుపు తీసేద్దామా అంటే, బొమ్మ ఒలిచిన కోడిగుడ్డులా తయారవుతుంది, అప్పుడూ తిట్లు తనకే. భయపడ్డాడు గాని, భయంతో పాటు ఒళ్లూ మండింది. ముప్పై ఏళ్లుగా కుంచె పట్టినవాడికి రంగు పెట్టడం నేర్పుతున్నాడీయన.

చేతులు కట్టుకుని, "తప్పు నాదే ప్రభూ. నీడ లేని ముఖం నేనెప్పుడూ చూడలేదు. తమరిది అదే వంశం కదా. కాసేపు నా ఎదుట కూర్చుంటే, తమ ముఖం మీద ఉన్నది పెడతాను, లేనిది తీసేస్తాను" అన్నాడు.

రాజు మీసం దువ్వి, అందరి ఎదుటా సరేనని మాట ఇచ్చాడు.

మర్నాడు వచ్చి కిటికీ పక్కన కూర్చున్నాడు. పైడోజు అద్దం చేతికిచ్చి, ముక్కుకు అవతలి పక్క కొంచెం నలుపుందని మనవి చేశాడు. రాజు చూసుకుని, అది గది తప్పన్నాడు. ముంగిట్లోకి మారారు. అప్పటికి సూర్యుడు నడినెత్తికెక్కాడు. కళ్లు రెండూ నీడ గుంటల్లో పడ్డాయి, మీసం నీడ గడ్డం దాకా సాగింది. గొడుగు పట్టిస్తే ముఖమంతా నల్లబడింది. పైడోజు ప్రతిసారీ అద్దం అందించాడు.

రాజుకు పంతం పెరిగింది. మళ్లీ లోపలికొచ్చి, చుట్టూ ఎనిమిది దివిటీలు పట్టించాడు. కింద నాలుగు దీపాలు పెట్టించాడు. పక్కన తెల్ల దుప్పట్లు కట్టించాడు. చెమటలు ధారగా కారుతున్నా కదలకుండా కూర్చున్నాడు. చివరికి ముఖం మీద నీడ అన్నది లేకుండా పోయింది.

సరిగ్గా అప్పుడే, కొడుకు ఇంకా భోజనానికి రాలేదేమని రాజమాత వెతుక్కుంటూ వచ్చింది. గుమ్మంలోనే ఆగిపోయి, "నాయనా, ముఖం అలా వాచిందేమిటి? ముక్కు కూడా కనబడటం లేదు. వైద్యుణ్ణి పిలిపించనా?" అంది.

రాజు అద్దం లాక్కుని చూసుకున్నాడు. పిండిముద్దకు మీసం అతికించినట్టుంది.

"ఇదే ముఖం వేయమంటే వేస్తాను ప్రభూ" అన్నాడు పైడోజు. "కాకపోతే కింద ఎర్రభూపతిగారి పేరు పెద్దక్షరాలతో రాయాల్సి వస్తుంది. లేకపోతే ఎవరో ఎవరికీ తెలియదు."

రాజు అతనికేసి ఉరిమి చూశాడు. తల్లికేసి చూశాడు. మళ్లీ అద్దం చూసుకున్నాడు. ఇక పంతం నిలవలేదు. దివిటీలు తీయించి, తన ముఖం మీద ఎంత నలుపుందో అంతా ముత్తాతకు పెట్టమన్నాడు.

నాలుగోనాడు బొమ్మను కొలువులో పెడితే, ఎర్రభూపతి అప్పుడే ఎవరినో కేకలేయబోతున్నట్టున్నాడు. రాజు మాన్యం రెట్టింపు చేశాడు. ఇంకేం కావాలో కోరుకోమన్నాడు.

"చిత్రశాల తలుపుకు లోపలివైపు ఒక గడియ పెట్టించండి ప్రభూ" అన్నాడు పైడోజు. "రంగు ఆరేదాకా వేసుకుంటాను."

రాజు పకపకా నవ్వాడు. వడ్రంగిని పిలిపించి, పొద్దుగూకేలోగా గడియ పెట్టించాడు.