రంగు వేసిన మొక్కు

తణుకులో కనకవల్లి పంతులమ్మగారి దగ్గరికి ఆదివారం పొద్దున్నే ఐదుగురు ఆడవాళ్ళు వేదాంతపాఠానికి వచ్చేవారు. ఆవిడ ముప్పై ఏళ్ళు హైస్కూల్లో సంస్కృతం చెప్పి రిటైరైన మనిషి. పాఠం చెప్పేటప్పుడు మాట ధారగా వచ్చేది గానీ, ఎవరైనా సొంత సందేహం అడిగితే మాత్రం నోరు విప్పేవారు కాదు. చెప్పులు వేసుకునేవారు. అడిగినవాళ్ళని వెంటబెట్టుకుని ఎక్కడికో ఒకచోటికి బయల్దేరేవారు. ఓర్పు అంటే ఏమిటండీ అని అడిగిన పాపానికి ఒకావిడ ఆధార్ కేంద్రం దగ్గర మూడు గంటలసేపు వరసలో నిలబడవలసి వచ్చింది. అదీ తన పని మీద కాదు, పంతులమ్మగారి వేలిముద్రలు పడక. ఆ దెబ్బతో మిగతావాళ్ళు తమ సందేహాలు ఇంట్లోనే తీర్చుకోవడం నేర్చుకున్నారు. అందుకే ఆ ఆదివారం వకుళ గొంతు సవరించుకోగానే నలుగురూ ఆవిడ వంక జాలిగా చూశారు.

"అమ్మగారూ, రంగు వేసిన జుట్టు దేవుడికి ఇస్తే మొక్కు చెల్లుతుందా?" అని అడిగింది వకుళ.

నవ్వొస్తోంది కదూ? అక్కడున్నవాళ్ళకీ వచ్చింది. వకుళకి మాత్రం పది రోజులుగా నిద్ర లేదు. ఆవిడకి నలభై తొమ్మిదేళ్ళు. హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతుంది. వెంట్రుకకి ప్రాణం ఉండదు పిల్లలూ, అందుకే కత్తిరిస్తే నొప్పెయ్యదు అని ఏటా తొమ్మిదో తరగతికి చెప్పే మనిషే. ఇంటికొచ్చాక ఆ ప్రాణం లేని వస్తువుకి ఆవిడ చేసే సేవ చూడాలి మీరు! శనివారం రాత్రి కొబ్బరినూనె, ఆదివారం తలంటు, మూడు వారాలకోసారి రంగు. రంగు వేసే రోజున పాత నైటీ, భుజాల మీద మరకల తువ్వాలు, నెత్తిన ప్లాస్టిక్ సంచి. ఆ గంటసేపూ కాలింగ్ బెల్ ఎవరు కొట్టినా తలుపు తీసేది కాదు. ముప్పై ఎనిమిదో ఏట పాపిట దగ్గర నాలుగు తెల్లవెంట్రుకలు కనబడితే మొదలుపెట్టింది, పదకొండేళ్ళయినా ఒక్క విడత తప్పలేదు. నడుం దాకా నల్లటి జడ. కొత్తగా చేరిన టీచర్లు "ఏం నూనె రాస్తారు మేడమ్?" అని అడిగితే నవ్వి ఊరుకునేది.

ఇక మొక్కు సంగతి. నాలుగేళ్ళ కిందట వకుళ అక్క అరుంధతికి రొమ్ము క్యాన్సర్ అని తేలింది. ఆపరేషన్ రోజున వకుళ ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని, అక్క బతికి బయటపడితే నిండు గుండు చేయించుకుంటానని కొండమీది నరసింహస్వామికి మొక్కుకుంది. ఊరికే మూడు కత్తెర్లు కాదు, మొత్తం తలనీలాలూ ఇస్తానంది. మొక్కు బయటికి చెబితే ఫలించదని ఎవరో అనగా విని, ఎవరితోనూ చెప్పలేదు, అక్కతో అసలే చెప్పలేదు. అక్క బతికింది. మందులకి ఊడిపోయిన జుట్టు మళ్ళీ మొలిచింది కూడాను. అది మాత్రం ఏం విచిత్రమో గానీ, ఇదివరకు సాఫీగా ఉండే జుట్టు కాస్తా ఈసారి రింగులు తిరిగి, ముప్పాతిక వంతు తెల్లగా వచ్చింది. అరుంధతి దాన్నలాగే ఉంచేసి, చెవుల దాకా కత్తిరించుకుని, దువ్వెనతో కూడా పెద్దగా పని లేకుండా తిరుగుతోంది.

ఇవ్వవలసిన వకుళ మాత్రం ఇవ్వలేదు. మొదటి ఏడు ఆడపడుచు కూతురి పెళ్ళి అడ్డొచ్చింది, ఫోటోల్లో గుండుతో ఏం బావుంటుందని. రెండో ఏడు పదో తరగతి పరీక్షల డ్యూటీ పడింది. మూడో ఏడు చెప్పుకోదగ్గ సాకు కూడా దొరకలేదు, ఊరికే భయమేసింది. గుండు మాట అటుంచండి, ఆ తర్వాత మొలిచేది ఏ రంగులో మొలుస్తుందో ఆవిడకి తెలుసు. ఇంతలో నాలుగో ఏడు రానే వచ్చింది. వచ్చే గురువారం అరుంధతికి ఏటా చేయించే స్కాన్. నెల రోజులుగా అక్క చిక్కిపోయినట్టు కనబడుతోంది. అడిగితే ఎండలే అంటుంది. తను మొక్కు ఎగ్గొట్టినందుకు ఆ పాపం అక్కకి చుట్టుకుంటుందేమోనని వకుళకి గుండెల్లో రాయి పడింది.

"అసలది నా జుట్టేనా అని నా అనుమానం అమ్మగారూ," అంది వకుళ, ఈ సంగతంతా పంతులమ్మగారికి చెప్పుకున్నాక. "పైకి కనబడే నలుపు సీసాలోది. ఎవరిదో నలుపు తీసుకెళ్ళి స్వామికిస్తే ఊరుకుంటాడా? పోనీ రంగు మానేసి అసలు జుట్టు నడుం దాకా పెంచి ఇద్దామంటే, నెలకి అరంగుళం లెక్కన నాలుగున్నరేళ్ళు పడుతుంది. మెడ దాకా కత్తిరించుకుని ఆగుదామన్నా ఏడాదిన్నర. గురువారానికి నాలుగు రోజులే ఉంది."

పంతులమ్మగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "రేపు సెలవు పెట్టు. ఆరింటి బస్సుకి కొండకి పోదాం. మీ అక్కనీ రమ్మను," అన్నారు.

"అక్క ఎందుకండీ? తనకి తెలియదు."

"దర్శనం అని చెప్పు. తోడుంటుంది."

ఆ సాయంత్రం వకుళ ఏం చేసిందో తెలుసా? తలుపు గడియ పెట్టుకుని, పాత నైటీ వేసుకుని, శుభ్రంగా రంగు వేసుకుంది! మర్నాడు తీయించుకోబోయే జుట్టుకి! ఎందుకమ్మా అంటే, దేవుడికిచ్చేది మాసిపోయినట్టు ఎలా ఇస్తాం అనుకుంది కాసేపు. కొండ మీద తెలిసినవాళ్ళు కనబడితేనో అనుకుంది ఇంకాసేపు. రెండూ నిజమే.

బస్సులో పంతులమ్మగారు ముందు సీట్లో కూర్చుని రెండు ఊళ్ళు దాటేసరికి కునుకు తీశారు. వెనక సీట్లో అక్కచెల్లెళ్ళు. అరుంధతి కిటికీ పక్కన కూర్చుని జామకాయ కోసి చెల్లెలి చేతిలో పెట్టింది. ఇంటి పనిమనిషి మానేసిన సంగతి మాట్లాడుకున్నారు, బీరకాయలు చేదొస్తున్నాయని మాట్లాడుకున్నారు. రెండు గంటల ప్రయాణంలో గురువారం మాట ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు.

కొండ మీద దిగగానే పంతులమ్మగారు అరుంధతిని కొబ్బరికాయలకీ పూలకీ పంపించి, వకుళని తిన్నగా కల్యాణకట్టకి తీసుకెళ్ళారు. అక్కడ ఆడవాళ్ళకి ఆడవాళ్ళే చేస్తారు. వకుళ వంతు నూకరత్నం అనే ఆవిడ దగ్గర వచ్చింది. నూకరత్నం జడ విప్పించి, జుట్టుని రెండు పాయలు చేసి దేనికది ముడి వేసి, చెంబెడు నీళ్ళు పోసి రెండు చేతులా మర్దించింది. నీళ్ళు నల్లగా కారాయి. నుదుటి మీంచి, చెవుల పక్కనుంచి, మెడ మీదుగా జాకెట్టు మీదికి. వకుళకి తల తీయకముందే తల కొట్టేసినట్టయింది.

"నిన్న వేసుకున్నారా అమ్మా రంగు?" అంది నూకరత్నం, తన నల్లటి అరచేతులు చూసుకుని. ఆ గొంతులో వెటకారం లేదు, వర్షం పడుతోందా అని అడిగినట్టే అడిగింది. "పోన్లెండి, సిగ్గెందుకు? వారానికి పదిమంది ఇలాగే వస్తారు. మొన్నొకావిడ బ్యూటీ పార్లర్‌కి కూడా వెళ్ళొచ్చింది."

వకుళ వంచిన తల ఎత్తకుండానే, ఉండబట్టలేక, "మరి వాళ్ళందరి మొక్కులూ చెల్లుతాయా?" అని అడిగింది.

"భలేవారే, నన్నడుగుతారేంటమ్మా? గాటు పడకుండా గీకడం వరకే నా పని. కదలకండి." కత్తి నడినెత్తిన పెట్టింది.

ఎంతోసేపు పట్టలేదు. ముడులు రెండూ తడిసిన గుడ్డల్లా ఒళ్ళో పడ్డాయి. తొమ్మిదో తరగతికి చెప్పే మాట నిజమే, ఎక్కడా నొప్పెయ్యలేదు. ఏడుపొస్తుందనుకుంది వకుళ, రాలేదు. దానికి బదులు గొప్ప కుతూహలం పుట్టింది. నెత్తి మీద గాలి ఆడుతోంది, పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ తగలని చోట. చెయ్యి పెట్టి చూసుకుంటే వెనకవైపు చిన్న సొట్ట ఒకటి తగిలింది. "ఇక్కడో పుట్టుమచ్చ కూడా ఉందమ్మా, కందిగింజంత," అంది నూకరత్నం. నలభై తొమ్మిదేళ్ళు తన నెత్తి మీదే ఉన్న మచ్చ, తనకే తెలియదు! ఇంకా ఏమేం ఉన్నాయో అని వకుళ స్నానం చేస్తున్నంతసేపూ తల తడుముకుంటూనే ఉంది. తలకి గంధం రాయించుకుని, మండపంలోకి వచ్చి నిలబడింది.

అరుంధతి కొబ్బరికాయల సంచితో ఎదురొచ్చి, ఆవిడ పక్కనుంచే దాటిపోయింది.

"అక్కా," అని పిలిచింది వకుళ.

అరుంధతి వెనక్కి తిరిగింది. గంధం పూసిన ఆ బోడితలనీ, దాని కింద ఉన్న చెల్లెలి మొహాన్నీ చూసి సంచి కింద పెట్టేసింది. "ఏమే! ఏమిటే ఇది? ఎవరినడిగి ఇచ్చావే?" అంది. కోపంగానే అంది.

"నీకోసమేనే. ఆపరేషన్ అప్పుడు మొక్కుకున్నాను. ఇన్నాళ్ళూ తీర్చలేదు. గురువారం లోపలైనా తీర్చకపోతే నీకు ఏమవుతుందోనని..." వకుళకి ఇప్పుడొచ్చింది ఏడుపు.

 అరుంధతి చెల్లెల్ని మండపం అరుగు మీద కూర్చోబెట్టి తనూ కూర్చుంది. "నాకు గుండుగా ఉన్న ఆరునెలలూ నువ్వు నా గదిలోకి వచ్చినప్పుడల్లా జడ కొంగు కింద దాచుకునేదానివి. నేను చూడలేదనుకున్నావా?"

"నీకు కష్టంగా ఉంటుందని..."

"కష్టమా! రోజూ సాయంత్రం నేను నీకోసం ఎదురుచూసిందే ఆ జడ కోసమే పిచ్చిదానా. నువ్వు వెళ్ళేటప్పుడు కొంగు జారి, గుమ్మం దాకా వెనకనుంచి కనబడేది. అది ఊగుతూ పోతుంటే, అమ్మయ్య, ప్రపంచం ఇంకా మామూలుగానే ఉందిలే అనిపించేది నాకు."

"మరి ఒక్కసారైనా చెప్పలేదేమే?"

"నువ్వు చెప్పావేమిటి, మొక్కు సంగతి?" అరుంధతి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "ఇప్పుడు మాత్రం? గురువారం తలుచుకుంటే నెల నుంచి నాకు ముద్ద దిగడం లేదు. నువ్వు బెంగపెట్టుకుంటావని ఎండలూ ఎండలూ అంటున్నాను. కిందటేడు కూడా ఆ స్కాన్ గదిలోకి ఒక్కదాన్నే వెళ్ళొచ్చాను. నువ్వేమో స్కూలుకెళ్ళావు."

"స్కూల్లో స్టాఫ్ రూములో కూర్చుని గోళ్ళు కొరుక్కున్నాను," అంది వకుళ.

ఇద్దరికీ ఒక్కసారే నవ్వొచ్చింది. కొండకి వచ్చిన జనం వింతగా చూశారు, ఒకావిడ గుండుతోనూ ఒకావిడ రింగులతోనూ ఏడుస్తూ నవ్వుతుంటే చూడరూ మరి? అరుంధతి చెల్లెలి తల మీద చెయ్యి వేసి, ఇలాంటి వాటిలో చెయ్యి తిరిగిన మనిషి కదా, పనిలోకి దిగింది. "తెల్లారగట్ల తలకి చలేస్తుంది. నూలుగుడ్డ కట్టుకో, పట్టుగుడ్డ జారిపోతుంది. ఎండలో గొడుగు లేకుండా తిరక్కు. మొలిచేటప్పుడు దురద, గోకావంటే ఊరుకోను. తెల్లగా వస్తే తెల్లగానే రానీ, తర్వాత నీకు రంగు కావాలంటే నేనొచ్చి వేస్తాను, వెనకవైపు నీకు అందదు." ఆవిడ చెబుతుంటే వకుళ నోట్సు రాసుకునే పిల్లలా వింది.

పంతులమ్మగారు అంతసేపూ స్తంభానికి ఆనుకుని నిలబడి, పూలదండలో వాడిన రేకులు ఏరుతున్నారు. వకుళ ముక్కు తుడుచుకుని ఆవిడ వైపు తిరిగింది. జీవశాస్త్రం టీచరు కదా, అడిగిన ప్రశ్నకి జవాబు రాకుండా వదలదు. "అమ్మగారూ, ఇంత జరిగినా నా సందేహం అలాగే ఉండిపోయింది. మొక్కు చెల్లినట్టా, చెల్లనట్టా?"

"నాకేం తెలుసు తల్లీ!" అన్నారు పంతులమ్మగారు. "స్వామినడిగావు, నన్నడిగావు, ఆఖరికి నెత్తిన కత్తి పెట్టినావిడని కూడా అడిగావు. రెండు గంటలు నీ పక్కన కూర్చుని జామకాయ పెట్టిన మనిషినే అడగలేదు." కింద పెట్టిన కొబ్బరికాయల సంచి తీసి అక్కచెల్లెళ్ళ మధ్యలో పెట్టారు. "సరే, దర్శనం వేళయింది. ఇద్దరూ కలిసి లోపలికి వెళ్ళండి. గురువారం కూడా."