నిబంధనకు ఇంటిమాట

ఓబులేసుకు ఒకటే కొరత. నబీదాసు తాత తనకు బోధ చెప్పే అధికారం ఇంకా ఇవ్వలేదు.

తన తర్వాత వచ్చినవాళ్లు ఊళ్లలో కూర్చుని తత్వాలు పాడి, అర్థం చెప్పి, పదిమందిని దారిలో పెడుతున్నారు. వాళ్లలో ఒకాయనకు చదువు కూడా సరిగా రాదు. ఓబులేసుకు తాత పరంపరలోని తత్వాలన్నీ నోటికి వచ్చు. ఏ పాదం ఎక్కడ ఆగుతుందో, ఏ మాటకు లోపల ఏ అర్థం ఉందో చెప్పగలడు. అయినా అడిగినప్పుడల్లా తాత, "ఇంకొంచెం ఉండు నాయనా" అనేవారు.

నబీదాసు తాత దూదేకుల సాయిబు. పెన్నేటి ఒడ్డున చిన్న మఠం ఆయనది. అన్ని కులాలవాళ్లూ, అన్ని మతాలవాళ్లూ వచ్చి ఆయన ముందు కూర్చునేవాళ్లు. ఆ మఠంలో ఒక రివాజు ఉండేది. ఎవరైనా తత్వానికి అర్థం చెబితే అది వంటింటి దాకా వినబడాలి. లోపల వంటచేసే సాలమ్మ "తెలిసింది" అనాలి. ఆమె అనకపోతే మళ్లీ చెప్పాలి, ఇంకా తేలిక మాటల్లో. దాన్నే ఇంటిమాటలో చెప్పడం అనేవాళ్లు. సాలమ్మ మా మేనత్త. ఈ సంగతి ఆమె నోట విన్నదే.

ఓబులేసు హైదరాబాదులో 'తోరణం' అనే కంపెనీలో పెద్ద ఉద్యోగి. ఫోన్లలో వేసుకునే యాప్‌లన్నీ ఒకచోట దొరికే అంగడి అది. తక్కువ ధర ఫోను కొన్నవాళ్లకు ఏ యాప్ కావాలన్నా అందులోంచే రావాలి. యాప్‌లు తయారుచేసినవాళ్లు ఆ అంగడిలో ఎట్లా నడుచుకోవాలి, ఎంత కట్టాలి, ఏది రాయవచ్చు, ఏది రాయకూడదు అనే నిబంధనలు తెలుగులో రాసేది ఓబులేసే. మఠంలో మాత్రం ఎవరైనా అడిగితే కంప్యూటరు ఉద్యోగం అని చెప్పి ఊరుకునేవాడు. తాతకు తెలుసు.

ఒక గురువారం పొద్దున వచ్చి తాత ముందు కూర్చున్నాడు.

"తాతా, ఈరోజు నాకు పరీక్ష పెట్టండి. ఏ తత్వమైనా ఇవ్వండి. సాలమ్మక్క ఒక్కసారికే తెలిసింది అనకపోతే ఇంక అధికారం మాట ఎత్తను."

వంటింట్లోంచి సాలమ్మ అంది. "నన్ను మొగమాటపెట్టొద్దు సామీ. తెలీకపోతే తెలీలేదనే అంటా. పోయినసారి నువ్వు చెప్పిన అర్థం వింటా వింటా పప్పు మాడబెట్టినా."

తాత నవ్వారు. "నీ ఉద్యోగంలో నీ మాట ఎంతమంది వింటారు నాయనా?"

"లెక్క లేదు తాతా. నేనొక్క మాట మారిస్తే దేశంలో ఎన్నో యాప్‌లు దానికి తగ్గట్టు మారాల్సిందే." అణుచుకుందామనుకున్నాడు గాని, గొంతులో గర్వం అణగలేదు.

అప్పుడే రమీజా వచ్చింది. ప్రొద్దుటూరులో, చెవులు వినపడని పిల్లల బడిలో టీచరు. చిన్నప్పటి నుంచీ మఠానికి వచ్చే పిల్ల. ఎప్పుడూ వస్తూనే సాలమ్మను వెక్కిరించేది, కూరలో ఉప్పు అడిగేది. ఆ రోజు గోడ పక్కన కూలబడింది. మొహం పాలిపోయి ఉంది. సాలమ్మ తెచ్చి ఇచ్చిన నీళ్లు చేతిలోనే ఉన్నాయి, తాగలేదు.

"ఏమైంది తల్లీ?" అన్నారు తాత.

"సైగ పోయింది తాతా."

సైగ ఆమె తయారుచేసిన యాప్. ఆమె, ఆమె తమ్ముడు కలిసి చేశారు. అన్నం, నీళ్లు, నొప్పి, భయం, అమ్మ ఎక్కడ. ఇంట్లో పుట్టే మాటలన్నింటికీ చేతులతో ఎట్లా చెప్పాలో అందులో బొమ్మలు కదులుతూ చూపిస్తాయి. పిల్లలకు బడిలో సైగలు వస్తాయి. ఇంటికి పోతే అమ్మానాయనలకు రావు. అందుకని, అమ్మానాయనల కోసం చేసింది.

"తోరణం వాళ్లు అంగడిలోంచి తీసేసినారు," అంది.

ఓబులేసు తల ఎత్తాడు.

"మొదట వాళ్లే పిలిచినారు తాతా. 'చెట్టు మీది, పండు మీది. మేం దారి చూపేవాళ్లం మాత్రమే' అని రాసినారు. ఆ మాట చదివి నాకు కండ్లలో నీళ్లు తిరిగినాయి. ఎవరో మంచి మనిషి రాసుంటాడు అనుకున్యా. అప్పుడు ఏమీ కట్టే పని లేదు. తర్వాత చేరిక రుసుము అన్నారు, కట్టినాం. తర్వాత అమ్మానాయనలు కట్టే చందాలో పదోవంతు అన్నారు. సరే అన్యాం. అది మెల్లగా మూడోవంతు దాకా పోయింది. ఆపైన, చందా బడికి నేరుగా కట్టకూడదు, మా ద్వారానే రావాల అన్నారు. ప్రతిసారీ కింద ఒకే బొత్తాం. 'అంగీకరిస్తున్నాను' అని. అది నొక్కితేగాని లోపలికి పోనీదు."

సాలమ్మ గడపలోకి వచ్చి నిలబడింది. "వద్దు అనే బొత్తాం లేదా?"

"లేదక్కా."

"అట్లయితే అడిగేదెందుకు?"

రమీజా తాత వైపు తిరిగింది. "ఇప్పుడు ఎందుకు తీసేసినారో నాకు తెలీదు తాతా. ఒక నోటీసు వచ్చింది. మా బడిలో తెలుగు అయ్యవారికి చూపించినా. ఆయనకూ తెలీలా. ఏం తప్పు చేసినామో చెప్పండి, దిద్దుకుంటాం అని రాసినా. మళ్లీ అదే నోటీసు వచ్చింది. మళ్లీ రాసినా, మళ్లీ అదే." నీళ్లగ్లాసు కింద పెట్టింది. "జమ్మలమడుగు నుంచి ఒకామె ఫోన్ చేసింది. బిడ్డకు మూడేండ్లు. పొట్ట పట్టుకొని ఏడుస్తాడంట. ఆకలో నొప్పో ఆమెకు తెలీదు. సైగ వేసుకోమ్మా అని ముందే చెప్పింటి. వెతికితే లేదంటాది."

తాత చెయ్యి చాపి రమీజా ఫోను తీసుకొని ఓబులేసు చేతిలో పెట్టారు.

"పరీక్ష అడిగితివి గదా నాయనా. దీనికి అర్థం చెప్పు."

ఓబులేసు ఫోను చూశాడు. అక్షరాలు తనవే. వాటిలో ఒక మాట కోసం ఒక పూటంతా వెతికాడు. దొరికినప్పుడు పక్క బల్ల అతన్ని పిలిచి చూపించాడు కూడా.

"చదువు," అన్నారు తాత.

చదివాడు. "సవరించిన విధానం ప్రకారం, వేదిక ద్వారా సంప్రాప్తించిన వినియోగదారులను వేదికేతర చెల్లింపు మార్గాలకు ప్రత్యక్షంగా గాని పరోక్షంగా గాని మళ్లించు సమాచారం నిషిద్ధం. ఉల్లంఘన జరిగిన పక్షంలో లభ్యత ముందస్తు సూచన లేకుండా నిలిపివేయబడును."

"అది పెండ్లి మంత్రమా, తద్దినం మంత్రమా?" అంది సాలమ్మ.

రమీజా కూడా కొంచెం నవ్వింది. ఓబులేసుకు నవ్వు రాలేదు.

"తాతా, ఈ నిబంధన పెట్టిన ఉద్దేశం వేరు..."

"ఉద్దేశం తర్వాత చెబుదువు. అర్థం చెప్పు."

"అంటే... అంగడి ద్వారా వచ్చిన వాడుకరులకు, వేరే దారిలో డబ్బు కట్టే సంగతి చెప్పకూడదు."

"తెలీలా," అంది సాలమ్మ. "వాడుకరులంటే ఎవరు?"

"మనుషులే అక్కా. ఆ యాప్ వాడేవాళ్లు."

"ఈ యాప్ ఎవరు వాడతారు తల్లీ?" తాత రమీజాను అడిగారు.

"వినపడని పిల్లల అమ్మానాయనలు."

"ఆ మాట పెట్టి చెప్పు నాయనా."

ఓబులేసు గొంతు సవరించుకున్నాడు. వందలమంది ముందు మైకులో మాట్లాడిన గొంతు అది. "వినపడని పిల్లల అమ్మానాయనలకు, డబ్బు వేరే దారిలో కట్టమని చెప్పకూడదు."

"నేను కట్టమనలేదే అన్నా," అంది రమీజా.

"ఎక్కడో రాసే ఉంటావమ్మా. రాయకుండా తియ్యరు." ఆ మాట అనేటప్పుడు అతని గొంతులో ఆశ ఉంది.

ఆమె ఆలోచించింది. డబ్బు సంగతి రాసిన పేజీ ఒక్కటే ఉంది. దాన్ని తీసి చూపించింది. చందా ఎంతో రాసి, దాని కింద చిన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉంది. ఓబులేసు దాన్ని పైకి చదవలేదు. ఆమే చదివింది.

"చందా కట్టలేనివాళ్లు బడికి ఫోన్ చేయండి. ఊరికే ఇస్తాం."

ఫోన్ నంబరు కూడా ఉంది.

"ఇదా?" అంది రమీజా. "ఇది కట్టమనడం కాదు గదన్నా. కట్టొద్దనడం."

అది వేదికేతర మార్గమే. పరోక్షంగా మళ్లించు సమాచారమే. ఓబులేసు తన నిబంధనను ఆ వాక్యం పక్కన పెట్టి, అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. ఎటు తిప్పినా సరిగ్గా అతుక్కుంటోంది. అంత బాగా రాశాడు.

"చెప్పు నాయనా," అన్నారు తాత. "సాలమ్మ ఇంకా తెలిసింది అనలా."

పొయ్యి మీద ఏదో పొంగి చుయ్యిమంది. సాలమ్మ కదల్లేదు.

"డబ్బు లేనివాళ్లకు ఊరికే ఇస్తానని చెప్పినావు," అన్నాడు ఓబులేసు చివరికి. "అందుకని నీ సైగను మూసేసినాం."

"తెలిసింది," అంది సాలమ్మ.

రమీజా అతని మొహం వైపే చూస్తోంది. 'మూసేసినాం' అన్న మాట ఆమె ఇంకా పట్టుకోలేదు. ఆమె ఇంకొకచోట ఆగిపోయింది.

"అయితే దీన్ని మనిషే రాసినాడా అన్నా?" అంది. "ఆ మొదటి మాట మనిషిదే, నాకు తెలుసు. చెట్టు మీది, పండు మీది అన్నది. ఈ తర్వాతవన్నీ మెషినే రాస్తాందనుకున్యా. అందుకే కోపం రాలా. మెషిను మీద కోపం ఏముంటాది అనుకున్యా."

"అదీ ఇదీ ఒకరే రాసినారు రమీజా."

"ఎవరు?"

"నేనే."

సాలమ్మత్త ఈ మాట చెప్పినప్పుడల్లా ఇక్కడ కొంచెం ఆగేది. రమీజా అరుస్తుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను, లేచి వెళ్లిపోతుందనుకున్నాను అనేది. ఆ పిల్ల ఏదీ చెయ్యలేదు. కూర్చున్నచోటే, కళ్లు ఆర్పకుండా ఉండిపోయింది.

తాత లేచారు. ఓబులేసు తల మీద చెయ్యి పెట్టారు. ఆ చెయ్యి కోసం అతను ఎన్నాళ్లుగానో కాచుకొని ఉన్నాడు. ఇప్పుడు ఆ బరువుకు తల ఇంకా కిందికి వంగింది.

"అధికారం ఇచ్చినా నాయనా. మొదటి బోధ మీ ఆఫీసులో చెప్పు. ఇప్పుడు చెప్పిన మాటలతోనే చెప్పు."

అంతే అని, ఆయన ఏటి వైపు నడుచుకుంటూ పోయారు.

రమీజా కూడా లేచింది. తన ఫోను తీసుకుంది. రెండడుగులు వేసి, ఓబులేసు వైపు తిరిగింది. ఏదో అనబోయింది. పిడికిలి గుండె మీద పెట్టుకొని, మెల్లగా విప్పి, వేళ్లు కిందికి వాల్చింది. రోజంతా పిల్లలతో చేతులతోనే మాట్లాడే మనిషి.

"అదేమిటి రమీజా?" అన్నాడు ఓబులేసు.

ఆమె జవాబులో దెప్పు లేదు. బడికి వచ్చి అడిగే ప్రతి అమ్మకూ, నాయనకూ చెప్పే జవాబే, అలవాటు కొద్దీ నోట్లోంచి వచ్చేసింది.

"యాప్‌లో ఉండాది అన్నా. చూసుకోండి."

ఆమె వంటింట్లోకి పోయింది. లోపల సాలమ్మ ఆమెకు అన్నం వడ్డిస్తున్న చప్పుడు.

ఓబులేసు జేబులోంచి తన ఫోను తీశాడు. తోరణం తెరిచాడు. సైగ అని కొట్టాడు.

ఏమీ రాలేదు.

అక్షరాలు సరిచూసుకొని, మళ్లీ కొట్టాడు.