పేర్లు మార్చిన కిటికీ

సలోమి ఇంతవరకూ ఎవరి దగ్గరా నోరు విప్పి చెప్పని మాట ఒకటుంది. కట్టా రత్తమ్మ కళ్ళజోడులో కుడి అద్దం ఎడమకూ, ఎడమ అద్దం కుడికీ పోవడానికి కారణం తనే.

చీరాలలో ఒక చిన్న కంటాసుపత్రిలో సలోమి రోగుల వివరాల డేటాబేస్ చూస్తుంది. వీడియోలు చూసి, తప్పులు చేసి, తనంతట తాను నేర్చుకున్న పని. పాత పట్టికలో నిలువు వరుసలకు ఈ4, ఈ5 అని ఎవరికీ అర్థంకాని పేర్లుండేవి. పట్టికను ముట్టుకోవద్దన్నారు. అందుకని దాని మీదికి ఒక వ్యూ కట్టింది. వ్యూ అంటే కిటికీ లాంటిది. లోపలి సామాను కదలదు, చూసేవాళ్ళకు మాత్రం కొత్త పేర్లతో కనబడుతుంది. పైన ‘కుడి కన్ను, ఎడమ కన్ను’ అని పేర్లు రాసి, కింద మాత్రం పొరపాటున ఎడమ కంటి వరుసను ముందూ, కుడి కంటి వరుసను వెనకా రాసింది. పేర్లు వరస చూసి అంటుకుంటాయి గాని అర్థం చూసి కాదు. ఆ పూట అద్దాల షాపుకు వెళ్ళిన చీటీలన్నీ ఆ కిటికీలోంచి వచ్చినవే. మిగతావాళ్ళకు రెండు కళ్ళ పవరూ ఒకటే కావడంతో బయటపడ్డారు. రత్తమ్మకు కంటికీ కంటికీ చాలా తేడా.

సాయంత్రానికే సలోమి తప్పు పట్టుకుని, వ్యూ తీసేసి మళ్ళీ కట్టింది. ఎవరికీ తెలియలేదు. రెండు వారాలకు రత్తమ్మ కౌంటరు దగ్గరికొచ్చి నిలబడింది. “పోగు రెండుగా కనబడతంది పాపా. తల తిరిగిపోతంది. ఇంక నేత నీవల్ల కాదు, మగ్గం విప్పేద్దామంటన్నాడు మా ఆయన.”

“కొత్త అద్దాలు కదా పెద్దమ్మా, అలవాటవుద్దిలే,” అని కౌంటరులో అమ్మాయి సర్దిచెప్పింది. “ఏమో, నా కళ్ళదే దోషమేమో,” అనుకుంటూ రత్తమ్మ వెళ్ళిపోయింది. పక్క బల్ల దగ్గరున్న సలోమి తెర మీంచి తల ఎత్తలేదు.

ఆదివారం మస్తాన్ మాస్టారింటికి పోయింది. ఆయన సబ్‌స్టేషన్‌లో ఏళ్ళ తరబడి పనిచేసి, తర్వాత కరెంటు శాఖ కంప్యూటర్ల గదిలో చేరి రిటైరైన మనిషి. వచ్చి అడిగినవాళ్ళకు పాఠం చెబుతాడు.

“మాస్టారూ, వ్యూలో పేరు తప్పు పడినా అసలు పట్టికలో అక్షరం కూడా చెడదు గదా. వ్యూ సరిచేసేశాక ఇంక తప్పు ఎక్కడున్నట్టు?”

టీ గ్లాసు పెడుతున్న మాస్టారి భార్య బీబమ్మ నవ్వింది. “ఆయన్నా తల్లీ అడిగేది? కంప్యూటరు మాట అడిగితే కరెంటు స్తంభం ఎక్కిస్తాడు. దిగేసరికి టీ చల్లారిపోద్ది, ముందు తాగు.”

మాస్టారు పట్టించుకోలేదు. “సబ్‌స్టేషన్‌లో స్విచ్‌ల మీద పేర్లు వెలిసిపోతే నేనే కొత్త బోర్డులు రాసి తగిలించానమ్మా. రేవు లైను బోర్డు తూర్పు లైనుకూ, దానిది దీనికీ పడింది. ఆ మధ్యాహ్నం లైన్‌మన్ కోటయ్య రేవు లైను ఆపమన్నాడు. బోర్డు చూసి ఆపాను. అతను స్తంభం ఎక్కాడు. ఇంతలో తూర్పు వీధివాళ్ళు కరెంటు పోయిందని ఫోన్ చేశారు. చూసుకుంటే నేను ఆపింది తూర్పు లైను! పైఆఫీసరు వస్తాడేమోనని భయం. గబగబా తూర్పు లైను వేసేసి, బోర్డులు మార్చేశాను. తీగలు ఎక్కడివక్కడే ఉన్నాయి. స్విచ్‌లూ ఎక్కడివక్కడే. బోర్డులు కూడా సరైపోయాయి. అమ్మయ్య అనుకుని కూర్చున్నాను.”

సలోమి చేతిలో గ్లాసు ఆగిపోయింది. “మరి కోటయ్య?”

“కరెంటు పోతున్న రేవు లైను స్తంభం మీదే ఉన్నాడు,” అన్నాడు మాస్టారు. “కేకేస్తే వినబడే దూరం.”

బీబమ్మ ఈసారి నవ్వలేదు. ఆ తర్వాత ఏమైందని సలోమి అడగలేదు. గ్లాసు కింద పెట్టి ఫోన్ తీసుకుంది. రత్తమ్మ వివరాలు ఎన్నిసార్లు తెరిచి చూసుకుందో, నంబరు ఎక్కడా వెతుక్కోనక్కర్లేదు.

“టీ అట్టే వదిలేశావే! అంత అర్జంటుగా ఎవరికమ్మా ఫోను?” అంది బీబమ్మ.

“చెయ్యనియ్యి,” అన్నాడు మాస్టారు. “స్తంభం మీద ఎవరో ఉన్నట్టున్నారు.”